వర్క్ స్టడీలో చిన్నపిల్లలకి రీడింగ్ నేర్పే జాబ్ అంట, మా అమ్మాయిని చేరనివ్వాలా?

ఎడిసన్_అమ్మ

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్ళు చదవండి. మేము న్యూజెర్సీలో ఉంటాం, మా పెద్దమ్మాయి ఈ ఫాల్‌లో స్టేట్ యూనివర్సిటీలో చేరింది, కంప్యూటర్ సైన్స్, డార్మ్‌లో ఉంటుంది. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్ళయింది కాబట్టి ఫాఫ్సా, అంటే కాలేజీ ఖర్చుకి ఫెడరల్ సాయం కోసం పెట్టే అప్లికేషన్, నింపాం. మామూలుగా అయితే మాకు పెద్దగా ఏం వచ్చేది కాదు గానీ ఫాఫ్సాకి రెండేళ్ళ కిందటి ట్యాక్స్ రిటర్న్ చూస్తారు కదా, ఆ ఏడాది మావారి ప్రాజెక్టు పోయి ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉన్నారు, ఆ పుణ్యమా అని కొంచెం గ్రాంటు, కొంచెం లోను, అన్నిటికన్నా కింద ఫెడరల్ వర్క్ స్టడీ 2,500 డాలర్లు అని ఎయిడ్ లెటర్‌లో వచ్చింది.

మేమేమో ఆ 2,500 ఫీజులోంచి తీసేస్తారనుకుని లెక్కలేసుకున్నాం. తీరా బిల్లు వచ్చాక చూస్తే గ్రాంటు తీశారు, లోను తీశారు, ఇది మాత్రం తీయలేదు! ఫోన్ చేస్తే అది మీ అమ్మాయి జాబ్ వెతుక్కుని పనిచేసి సంపాదించుకోవాలి మేడమ్ అన్నారు. మావారికి ఆరోజు బీపీ ఎంత పెరిగిందో అడక్కండి.

సరే అయిందేదో అయింది. ఇప్పుడు అసలు విషయం. మా అమ్మాయి వెతుక్కున్న జాబ్ ఏంటంటే పక్క టౌన్‌లో ఎలిమెంటరీ స్కూల్‌కి వెళ్ళి ఫస్ట్ గ్రేడ్, సెకండ్ గ్రేడ్ పిల్లలకి ఇంగ్లీష్ చదవడం నేర్పించడం, వారానికి ఆరు గంటలు. ఐటీ హెల్ప్ డెస్క్‌లో కూడా ఖాళీ ఉందంట, దాన్ని వదిలేసి ఇది పట్టుకుంది. మావారు ఒకటే గొడవ, సీఎస్ చదివే పిల్ల ఏబీసీడీలు చెప్పుకుంటూ కూర్చుంటే రెజ్యూమేలో ఏం రాస్తుంది, రేపు ఇంటర్న్‌షిప్ ఎవడిస్తాడు అని. మా అమ్మ ఇక్కడే ఉంది, ఆవిడేమో "మీ తాతయ్య వీధి అరుగు మీద ఊరందరి పిల్లలకీ చెప్పాడు, ఇది చెప్తే తప్పేంటిరా" అని అల్లుడి మీదకే వెళ్తోంది. మధ్యలో నేను.

నా డౌట్లు ఇవీ. ఈ జాబ్ నిజంగా ఉపయోగమేనా లేక టైమ్ పాసా? ఫస్ట్ సెమిస్టర్‌లోనే కాలిక్యులస్ పెట్టుకుని ఆరు గంటలు ప్లస్ బస్సు అంటే ఎక్కువ అవదా? ట్రైనింగ్ ఏమన్నా ఇస్తారా? ఎందుకంటే మా అమ్మాయికి ఓపిక చాలా తక్కువ, తమ్ముడికి తెలుగు అక్షరాలు నేర్పిస్తానని మొదలెట్టి "ఇ" దగ్గరే పలక విసిరేసిన చరిత్ర ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_ట్యూటర్_షార్లెట్

అక్కా, నేను ఇదే జాబ్ రెండేళ్ళు చేశాను, అందుకని కొంచెం డీటెయిల్‌గా రాస్తా.

ముందు డబ్బుల సంగతి. లెటర్‌లో ఉన్న 2,500 అనేది లిమిట్ మాత్రమే, అంతవరకు సంపాదించుకోవచ్చు అని అర్థం. పనిచేయకపోతే సున్నా. పనిచేస్తే రెండు వారాలకో నెలకో పేచెక్ మీ అమ్మాయి అకౌంట్‌లో పడుతుంది, తను కావాలంటే ఫీజుకి కట్టుకోవచ్చు. మీ న్యూజెర్సీలో మినిమమ్ వేజ్ 15 దాటింది కదా, గంటకి పదిహేనున్నర వేసుకున్నా 2,500 అయ్యేసరికి సుమారు 160 గంటలు, రెండు సెమిస్టర్లు కలిపి 28 వారాలనుకుంటే వారానికి ఆరు గంటల లోపే. అంటే వాళ్ళు ఆరు అన్నది ఊరికే అనలేదు, సరిగ్గా ఆ లెక్కకే వేశారు. ఇంకో మంచి విషయం, ఈ డబ్బు వచ్చే ఏళ్ళ ఫాఫ్సాలో పిల్ల ఆదాయం కింద లెక్కేయరు. బయట స్టార్‌బక్స్‌లోనో ఇంకెక్కడో చేస్తే లెక్కలోకి వస్తుంది. డబ్ల్యూ-2 (ఏడాది జీతం లెక్క చూపించే ఫారం) మాత్రం వస్తుంది, ఫెడరల్ ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు మర్చిపోకండి.

హెల్ప్ డెస్క్‌లో ఒకటో రెండో ఖాళీలుంటే ఈ రీడింగ్ ట్యూటర్ జాబులు మాత్రం అన్ని ఎందుకు ఉంటాయో తెలుసా? మామూలు వర్క్ స్టడీ జాబ్‌కి జీతంలో ఫెడరల్ వాటా 75 శాతం వరకు, మిగతాది కాలేజీయో పనిచేయించుకునేవాళ్ళో పెట్టుకోవాలి. చిన్నపిల్లలకి రీడింగ్ నేర్పే పనికి మాత్రం మొత్తం 100 శాతం ఫెడరలే ఇచ్చుకోవచ్చు. క్లింటన్ 1996లో అమెరికా రీడ్స్ అని మొదలెట్టాడు, మూడో క్లాసు అయ్యేసరికి ప్రతి పిల్లాడూ సొంతంగా చదవగలగాలి అని, దానికోసం 1997 జులై నుంచి ఈ సడలింపు ఇచ్చారు. పైగా కాలేజీలు తమకొచ్చిన వర్క్ స్టడీ డబ్బుల్లో 7 శాతం అయినా కమ్యూనిటీ సర్వీస్ జాబులకి ఖర్చుపెట్టాలని రూలు, అందులో రీడింగ్ ట్యూటరింగ్ గానీ ఫ్యామిలీ లిటరసీ గానీ ఉండాలి. సో వాళ్ళకీ ఇది అవసరమే. బస్సులో వెళ్ళొచ్చే టైమ్‌కి, ట్రైనింగ్‌కి కూడా జీతం ఇవ్వొచ్చు రూల్స్ ప్రకారం, ఇస్తారా లేదా అన్నది ముందే అడగమనండి, చాలామంది పిల్లలు అడగరు, పోగొట్టుకుంటారు.

ఇక ట్రైనింగ్. నాకు మూడు శనివారాలు ఇచ్చారు. ఫస్ట్ శనివారమే నా పరువు పోయింది, చెప్తా వినండి. ట్రైనర్ ఒక పెద్దావిడ, రిటైర్డ్ టీచర్. ఒక్కొక్కళ్ళనీ అక్షరం చూపించి సౌండ్ చెప్పమంటోంది. నాకు బి వచ్చింది, "బ" అన్నా. కాదు మళ్ళీ చెప్పు అంది. "బ" అన్నా ఇంకొంచెం గట్టిగా. టి చూపిస్తే "ట" అన్నా. ఆవిడ నవ్వి నీ సౌండ్ వెనకాల ఇంకో సౌండ్ తోక లాగా వస్తోంది, దాన్ని కత్తిరించు అంది. నాకు అస్సలు అర్థం కాలేదు, ఎందుకంటే మన హల్లు అంటేనే లోపల "అ" ఉంటుంది కదా, క అంటే క్ ప్లస్ అ, చిన్నప్పటినుంచి అలా పలికీ పలికీ ఆ తోక మన చెవికి వినపడదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్తే అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది, "పొల్లు పలకమంటోందిరా ఆవిడ" అని. అంతే! బ్, ట్, మ్. శనివారమంతా అర్థం కానిది అమ్మ పొల్లు అనగానే అర్థమైంది.

ఇది చాదస్తం కాదక్కా, నిజంగా తేడా పడుతుంది. నాకిచ్చిన పిల్లాడు ఫస్ట్ గ్రేడ్, ఇంట్లో స్పానిష్. బ్యాట్ అనే మాటని సౌండ్లు విడదీసి చదువుతున్నాడు, నా దగ్గర నేర్చుకున్నట్టే బ, యా, ట అని విడివిడిగా అన్నాడు, ఇప్పుడు కలుపు అంటే "బయాట" అన్నాడు. నాకు "బయట" అని వినిపించి నవ్వొచ్చేసింది, వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తప్పు వాడిది కాదు, నేనిచ్చిన మూడు ముక్కలు కలిపితే అదే వస్తుంది మరి. తర్వాత పొల్లుతో చెప్పడం మొదలెట్టాక, బ్... యా... ట్... అని సాగదీసి దగ్గరికి తెస్తే, ఒక్కసారి తలెత్తి బ్యాట్! అని టేబుల్ మీద గుద్దాడు. ఆ గుద్దు నాకు ఇంకా గుర్తుంది.

మన వాళ్ళకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలుగులో అక్షరం పేరు, పలికేది ఒకటే. క ని క అంటాం. ఇంగ్లీష్‌లో సి పేరు సీ, పలికేదేమో కొన్నిచోట్ల క్, కొన్నిచోట్ల స్. డబ్ల్యూ పేరులో ఆ సౌండే ఉండదు. మనం పెద్దయ్యాక ఇవన్నీ మర్చిపోతాం, ఆరేళ్ళ పిల్లాడికి మాత్రం ప్రతి అక్షరం రెండు పేర్లున్న మనిషి లాంటిది. మీ అమ్మాయి ఇక్కడ చదువుకున్న పిల్ల కాబట్టి నా అంత ఇబ్బంది పడదు లెండి.

రెజ్యూమే సంగతి అన్నయ్యకి చెప్పండి, నేనిప్పుడు బ్యాంకులో డేటా టీమ్‌లో ఉన్నా. మొదటి ఇంటర్వ్యూలో మేనేజర్ ప్రాజెక్టుల గురించి రెండు ప్రశ్నలడిగాడు, ఈ ట్యూటరింగ్ గురించి పది నిమిషాలు అడిగాడు. అందరికీ అలాగే అవుతుందని చెప్పను, ఆయన భార్య టీచర్ అంట.

డాలస్_ఎమ్మెస్

బ్రో సారీ మధ్యలో దూరుతున్నా, నేను ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఎంఎస్ చేస్తున్నా, ఈ జాబ్‌కి మేం అప్లై చేయొచ్చా? మా క్యాంపస్ జాబ్ బోర్డులో రీడింగ్ ట్యూటర్ అని పది పోస్టులున్నాయి, డైనింగ్ హాల్‌లో గిన్నెలు కడుగుతున్నా ప్రస్తుతం, దానికన్నా ఏదైనా బెటరే.

పాత_ట్యూటర్_షార్లెట్

లేదు తమ్ముడూ, ఫెడరల్ వర్క్ స్టడీ అంటే ఫాఫ్సా నింపగలిగేవాళ్ళకే, సిటిజన్, గ్రీన్ కార్డు, ఇంకా రెఫ్యూజీ లాంటి కొన్ని కేటగిరీలు. ఎఫ్1 కి లేదు. నీకు క్యాంపస్‌లో మామూలు జాబులు సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు ఉంటాయి, పోస్టులో వర్క్ స్టడీ రిక్వయిర్డ్ అని లేనివే చూసుకో. క్యాంపస్ రైటింగ్ సెంటర్, మ్యాథ్ ల్యాబ్ లాంటివి ట్రై చెయ్యి. బయట స్కూల్‌లో జీతానికి అంటే మాత్రం మీ డీఎస్ఓని, అదే కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ల వీసా సంగతులు చూసే ఆఫీసర్‌ని, అడక్కుండా అడుగు వెయ్యకు.

హెచ్4_అక్క_సిటిజన్_తమ్ముడు

ఈ టాపిక్ చూస్తే కడుపు మండుతుంది. నేను నాలుగేళ్ళప్పుడు వచ్చా, కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే. కాలేజీకి వచ్చేసరికి హెచ్4 (హెచ్1 వాళ్ళ కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా), ఫాఫ్సా లేదు, జాబ్ లేదు, గంట కూడా పనిచేయకూడదు, ఇరవై ఒకటి నిండుతోందంటే ఎఫ్1 కి మారాలి. నా తమ్ముడు ఇక్కడే పుట్టాడు, వాడు ఇప్పుడు ఇదే ట్యూటర్ జాబ్ చేస్తున్నాడు. వాడికి చదవడం నేర్పింది ఎవరనుకున్నారు, నేనే, లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి, ఫ్రీగా. ఎడిసన్ ఆంటీ, మీ అమ్మాయికి అవకాశం ఉంది, చేరనివ్వండి. ఇంతకన్నా రాయలేను.

కాటీ_టీచరమ్మ

నేను టెక్సాస్‌ల సెకండ్ గ్రేడ్ చెప్తా, మాది కరీంనగర్ దగ్గర, ఇక్కడికొచ్చినంక సర్టిఫికేషన్ చేసిన. నా క్లాసుకు ఏడేండ్ల నుంచి కాలేజీ పిల్లలు వస్తున్నరు గీ వర్క్ స్టడీ మీద, మీ బిడ్డ అటుదిక్కు ఉంటే నేను ఇటుదిక్కు ఉంట అన్నట్టు, అందుకే చెప్తున్న.

పైన తమ్ముడు చెప్పిన పొల్లు ముచ్చట వంద శాతం కరెక్టు, నేను కూడ ఫస్ట్ ఇయర్ గట్లనే పలికేదాన్ని, పిల్లలే నాకు నేర్పిండ్రు.

నాకు ట్యూటర్ దగ్గర కావాల్సింది పెద్ద తెలివి కాదు. టైముకు రావాలె, అంతే. మంగళవారం, గురువారం 1:15కు వస్తనంటే 1:15కే రావాలె. కాలేజీ పిల్లలకు మిడ్‌టర్మ్స్ వస్తయి, ఆ వారం రారు, ఈమెయిల్ పెట్టి ఊకుంటరు. ఇక్కడ పిల్ల ఏం చేస్తదో వాళ్ళకు తెల్వదు. పోయిన ఏడాది నా క్లాసుల ఒక పిల్ల ఉండె, మాట్లాడదు, ఎవరితోటీ చదవదు, ఒక్క ఆ ట్యూటర్ అమ్మాయితోటే చదువుతది. ట్యూటర్ రాని రోజు ఆ పిల్ల 1:10కే పుస్తకం తీసి, డోర్ దిక్కు కుర్చీ తిప్పుకొని కూసున్నది. 1:45 దాక గట్లనే కూసున్నది. నేను పోయి నాతోటి చదువు బిడ్డా అంటే పుస్తకం మూసి డెస్కుల పెట్టింది. రాలేని రోజు ఉంటే ముందు వారమే ఆ పిల్లకు చెప్పుమనండి, నాకు చెప్పకపోయినా సరే.

రెండోది, బొమ్మ చూసి గెస్ కొట్టించొద్దు. ఇది చానా మందికి అలవాటు, ఎందుకంటే మనకు అది సాయం చేసినట్టనిపిస్తది. కుందేలు బొమ్మ ఉన్న పేజీ, కింద ర్యాబిట్ అని ఉంటది, పిల్లగాడు ఠక్కున "బన్నీ" అని చదువుతడు. ట్యూటర్ ఏమంటడు, గుడ్ జాబ్ అంటడు! అక్షరం ఆర్ ఉన్నది, వాడు బి చదివిండు, అంటే వాడు చదవలే, బొమ్మ చెప్పిండు. మస్తు ఏండ్లు ఇక్కడ స్కూళ్ళల్ల కూడ గిట్లనే నేర్పిండ్రు, బొమ్మ చూడు, వాక్యంల ఏది సరిపోతదో చూడు అని. 2000ల నేషనల్ రీడింగ్ ప్యానెల్ రిపోర్టే చెప్పింది సౌండ్ల మీద శ్రద్ధ, ఫోనిక్స్ (అక్షరానికి సౌండ్ జతచేసి చదువుడు), ధారాళంగ చదువుడు, మాటల అర్థం, చదివింది అర్థం చేసుకొనుడు, ఈ ఐదూ ఉండాలని, అయినా మారేసరికి ఇరవై ఏండ్లు పట్టింది. ఇప్పుడు మా టెక్సాస్‌ల 2019 చట్టం తర్వాత కిండర్ నుంచి థర్డ్ గ్రేడ్ దాక టీచర్లందరు రీడింగ్ అకాడమీ చెయ్యాల్సిందే. నేను చేసేది ఏందంటే ఒక స్టిక్కీ నోట్ బొమ్మ మీద అతికిస్త. "ముందు చదువు, తర్వాత తీసి చూద్దాం." పిల్లలకు అదొక ఆట. ట్యూటర్లకు మొదటి రోజే ఒక స్టిక్కీ నోట్ ప్యాడ్ ఇచ్చి పంపుత.

మూడోది, తప్పు చదివితే వెంటనే నోట్లకెల్లి గుంజుకోవద్దు. ఐదు లెక్కపెట్టాలె లోపల. కాలేజీ పిల్లలకు ఐదు సెకండ్లు మస్తు కష్టం. ఓపిక తక్కువ అన్నరు గద మీ బిడ్డకు, దానికి మందు గిదే, నాలుగు వారాల్ల వచ్చేస్తది. తమ్మునికి నేర్పుడు వేరు ఆంటీ, తమ్ముడు అంటే ఎవరికైనా పలక విసరబుద్ధి అయితది.

ఇంకో ముచ్చట, ఇది మీకు అక్కెర లేదు గానీ నాకు ఇష్టం కాబట్టి చెప్తున్న. ఈ వర్క్ స్టడీ పెట్టింది మా టెక్సాసోడే, లిండన్ జాన్సన్, 1964ల పేదరికం మీద యుద్ధం అన్న చట్టంల. ఆయన శాన్ మార్కోస్‌ల టీచర్స్ కాలేజీల చదివేటప్పుడు అదే కాలేజీల ఊడ్చే పని చేసుకుంట, ఆఫీసుల పనిచేసుకుంట చదివిండు, మధ్యల పైసలు చాలక 1928ల కొటుల్లా అనే ఊర్ల మెక్సికన్ పిల్లల బడికి పంతులుగ పోయిండు. ఆ పిల్లలకు ఇంట్ల స్పానిష్, బడిల ఇంగ్లీష్. ప్రెసిడెంట్ అయినంక కూడ ఆ బడి ముచ్చట స్పీచుల్ల చెప్తుండె. అంటే చదువుకుంట పనిచేసుడు, పేద పిల్లలకు చదువు చెప్పుడు, రెండూ ఆయన ఒంటి మీదికెల్లి పోయినయే. మీ సారుకు చెప్పండి, ఏబీసీడీలు చెప్పిన మనిషికి రెజ్యూమే బానే నడిచింది అని.

ప్లెయిన్స్‌బరో_మురళి

అందరూ పొగిడేస్తున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా ఉండాలి. మా అబ్బాయి వేరే కాలేజీలో ఇదే పేరుతో ఉన్న జాబ్‌లో చేరాడు. ట్రైనింగ్ అంటే ఒక గంట వీడియో, చివర్లో క్విజ్. స్కూల్‌కి వెళ్తే టీచర్‌కి వీడు వస్తాడని కూడా తెలీదు. మొదటి మూడు వారాలు ఫింగర్‌ప్రింట్స్ క్లియరెన్స్ రాలేదని ఇంట్లోనే, అంటే జీతం లేదు, సెమిస్టర్‌లో ఐదో వంతు పోయింది. వెళ్ళాక ఏం చేయించారు? స్నాక్ టైమ్‌లో జ్యూస్ డబ్బాలకి స్ట్రాలు గుచ్చడం, లామినేషన్ కాగితాలు కత్తిరించడం, రీసెస్‌లో కాపలా. ఒకసారి బూట్ల లేసులు కట్టడం మాత్రం పదకొండు మందికి కట్టాడంట, లెక్కపెట్టాడు పాపం. చదివించింది మొత్తం సెమిస్టర్‌లో నాలుగు గంటలుంటుందేమో. జనవరిలో మానేసి లైబ్రరీ సర్క్యులేషన్ డెస్క్‌కి మారాడు, అక్కడ కనీసం హోమ్‌వర్క్ చేసుకుంటాడు.

నేను ప్రోగ్రామ్‌ని తిట్టట్లేదు, ఎవరు నడుపుతున్నారన్నది చూసుకోమంటున్నా. చేరేముందు మీ అమ్మాయిని నాలుగు ప్రశ్నలు అడగమనండి. ఏడాదంతా అదే పిల్లలతో కూర్చుంటానా లేక రోజుకొకరా. చదివించడానికి పుస్తకాలూ ప్లానూ వాళ్ళిస్తారా నేను తెచ్చుకోవాలా. స్కూల్లో నా సూపర్‌వైజర్ పేరేంటి. క్లియరెన్స్ వచ్చేదాకా గంటలు ఎలా. వీటికి తడుముకోకుండా జవాబు చెప్తే మంచి ప్రోగ్రామే. "అవన్నీ తర్వాత చూద్దాం" అంటే హెల్ప్ డెస్కే నయం, నా మాట వినండి.

కాటీ_టీచరమ్మ

మురళన్నా మీరు చెప్పింది నిజమే, నేను ఒప్పుకుంట. మాది కూడ మొదట్ల గట్లనే ఉండె. టీచర్లకు కూడ ఒక్కోసారి చేతులు సరిపోవు, ఒక మనిషి ఖాళీగ కనపడితే లామినేషన్ ఇచ్చేస్తం, తప్పే. ట్యూటర్ నోరు తెరిచి "నేను రీడింగ్ కోసం వచ్చిన" అని అంటే నేను సిగ్గుపడి ఇచ్చేస్త పిల్లగాండ్లను. అనాలె.

హన్మకొండ_పంతులు

నేను ఇండియా నుంచి, ప్రైమరీ స్కూల్ ఎస్జీటీ. ఈ థ్రెడ్ రాత్రి పదకొండుకి కనపడితే మొత్తం చదివిన. మా దగ్గర కూడ కాలేజీ పిల్లలు వస్తరు, కానీ జీతం మీద కాదు. ఎన్ఎస్ఎస్ అని 1969 నుంచి ఉంది గద, రెండేండ్లల్ల 240 గంటలు సేవ చెయ్యాలె. వస్తరు, స్కూల్ ముందు గడ్డి పీకుతరు, గోడకి సున్నం వేస్తరు, ర్యాలీ తీస్తరు, ఫొటో దిగుతరు, పోతరు. వాళ్ళ తప్పు అనను. ఆ 240ల ఒక యాభై గంటలు నా మూడో తరగతిల నలుగురు పిల్లల పక్కన కూసుంటే ఎంత బాగుండు అని ఏటా అనుకుంట. బస్సు కిరాయి, ఒక పూట అన్నం పైసలు ఇచ్చినా చాలు, ఎందుకంటే వచ్చే పిల్లలు కూడ ఉన్నోళ్ళ పిల్లలేం కాదు, ఆదివారం క్యాటరింగ్‌కి పోయి ఐదు వందలు తెచ్చుకునేటోళ్ళు. క్యాటరింగ్ వదిలి ఉత్తగ రా అంటే ఎట్ల వస్తరు. అందుకే మీ అమెరికాల పేచెక్ ఇచ్చి పిలుస్తరన్న ముచ్చట నాకు బాగ నచ్చింది.

నేను డైట్‌ల (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) చదివేటప్పుడు అసర్ సర్వేకి పోయిన, 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చేపిస్తరు, ఊర్లల్ల ఇంటింటికి పోయి పిల్లలతోటి చదివించుడు. ఒకే ఒక్క కాగితం, దాని మీద అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ. పిల్లగాడు ఎక్కడ ఆగుతడో అక్కడ టిక్కు. ఐదో తరగతి పిల్లగాడు పేరా దగ్గర ఆగిపోయి నా ముఖం చూసిండు, వాళ్ళ నాయిన పక్కనే నిలబడ్డడు, అప్పటిదాక కొడుకు చదువొచ్చినోడే అనుకుంటున్నడు. అయినంక నేను ఛాయ్ తాగకుండ వచ్చేసిన ఆ ఇంట్లకెల్లి.

మా పిల్లలు ఆగేది వేరే దగ్గర. పొల్లు, తోక మీ బాధ. అక్షరాలు వస్తయి, గుణింతాలు పాట లెక్క వస్తయి, క కా కి కీ అని ఊపుకుంట చెప్తరు, కానీ మధ్యలకెల్లి "కృ" చూపెడితే మొదటికెల్లి పాట అందుకొని దాని దాక రావాలె. ఇక ఒత్తులు వస్తే కథ అయిపోయినట్టే. "అమ్మ" వస్తది ఎందుకంటే చూసీ చూసీ, "అన్నం" వస్తది, "కష్టం" అంటే "కషటం" అంటరు. అక్కడ ఒక్కొక్కని పక్కన ఒక్కొక్కరు పది నిమిషాలు కూసోవాలె, ముప్పై ఎనిమిది మందికి నేనొక్కన్ని కూసోలేను. మీ బిడ్డ అసుంటోళ్ళు నలుగురు దొరికితే మాకు పండగ. సమ్మర్‌కి ఇండియా వస్తే పంపించండి మేడమ్, తెలుగు ఏమన్న తక్కువైతే మా పిల్లలే నేర్పుతరు.

ఎడిసన్_అమ్మ

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. హన్మకొండ మాస్టారి పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను, "కషటం" దగ్గర ఆవిడ నవ్వింది, తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. హెచ్4 అమ్మాయి పోస్టు మావారు రెండుసార్లు చదివారు, ఆ తర్వాత రెజ్యూమే మాట ఎత్తలేదు. అమ్మాయ్, నీకేమన్నా మెసేజ్ చెయ్యాలనిపిస్తే చెయ్యి తల్లీ.

మురళి గారి నాలుగు ప్రశ్నలూ అమ్మాయికి పంపించాను. మూడింటికి వెంటనే జవాబొచ్చింది, ముగ్గురు పిల్లలు ఏడాదంతా వాళ్ళే అంట, పుస్తకాలు వాళ్ళే ఇస్తారంట, సూపర్‌వైజర్ స్కూల్లో రీడింగ్ స్పెషలిస్ట్ అంట. క్లియరెన్స్‌కి మాత్రం రెండు వారాలు పట్టొచ్చన్నారు, ఈలోపు ట్రైనింగ్ గంటలకి జీతం ఇస్తారంట. బస్సు టైమ్‌కి కూడా ఇస్తారని అడిగితేనే చెప్పారు, షార్లెట్ తమ్ముడూ నీ పుణ్యమే. కాలిక్యులస్ మిడ్‌టర్మ్ వారంలో ఏం చేస్తావే అని అడిగితే ముందే పిల్లలకి చెప్తా అంది, కాటీ టీచర్ గారి డోర్ దగ్గర కుర్చీ కథ నేనింకా చెప్పకముందే.

నిన్న వీడియో కాల్‌లో ట్రైనింగ్‌లో నేర్పినవి మా మీద ప్రాక్టీస్ చేసింది. మా అబ్బాయి తోక లేకుండా బానే పలికాడు. మావారి వంతు వచ్చేసరికి టి కార్డు చూపించింది, ఆయన "ట". కాదు నాన్నా. "ట". కాదు, తోక కట్ చెయ్యి. పక్కనుంచి మా అమ్మ "ట్ అనవయ్యా, పొల్లు" అని అరుస్తోంది. ఈయన ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో మీటింగుల్లో మాట్లాడుతున్న మనిషి, నాలుగోసారి కూడా "ట" అనే అన్నారు. మా అమ్మాయి ఏమీ అనలేదు, ఫోన్‌లో అలా చూస్తూ ఉంది, పెదాలు కదుపుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని. ఐదో దాని దగ్గర ఆయన "ట్" అన్నారు.